వెస్ట్ బ్లాక్ మరవని కోచ్



2025 జూన్ 10 రాత్రి హాంకాంగ్‌లో, అప్పటికి కొత్తగా తెరిచిన కై తాక్ స్టేడియంలో, ఆసియా కప్ అర్హత మ్యాచ్ ఒకటి జరిగింది. ఒకపక్క హాంకాంగ్, ఇంకోపక్క మన భారత జట్టు. తొంభై నిమిషాలు గడిచినా గోలు లేదు. అదనపు సమయంలో మనవాళ్లు పెనాల్టీ ఇచ్చేశారు. స్టెఫాన్ పెరీరా గోలు కొట్టాడు, ఒకటి-సున్నాతో ఓడిపోయాం.

ఓటమి సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచింది ఆ రాత్రి గీత పక్కన నిలబడిన ఇద్దరు కోచ్‌ల గురించి. హాంకాంగ్ కోచ్ యాష్లీ వెస్ట్‌వుడ్. మన బెంగళూరు ఎఫ్‌సీకి మొట్టమొదటి కోచ్ ఆయనే. భారత కోచ్ మనోలో మార్కెజ్. హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్‌ఎల్, విజేతగా నిలబెట్టింది ఆయన. భారత జట్టులో సునీల్ ఛెత్రి ఉన్నాడు. ఛెత్రి పుట్టింది సికింద్రాబాద్‌లో, అప్పటికి పన్నెండేళ్లుగా ఆడుతున్నది బెంగళూరుకి. మన రెండు ఊళ్ల ఫుట్‌బాల్ చరిత్ర మూడు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, పరాయి మైదానంలో ఎదురెదురు పడింది.

బెంగళూరు అభిమానులకు అది రెండో దెబ్బ. అంతకు ముందటేడు, 2024 మార్చి 26న, గౌహతిలో ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లో అఫ్గానిస్తాన్ చేతిలో భారత్ రెండు-ఒకటితో ఓడింది. ఛెత్రికి అది దేశం తరఫున 150వ మ్యాచ్. పెనాల్టీతో మొదటి గోలు కొట్టింది కూడా అతనే. అఫ్గానిస్తాన్ జట్టులో పేరున్న ఆటగాళ్లు చాలామంది తమ సమాఖ్యతో తగవుపడి ఆడటానికి రాలేదు. ఉన్నవాళ్లతోనే ఆ జట్టును గెలిపించిన కోచ్ ఎవరనుకున్నారు? వెస్ట్‌వుడ్.

మామూలుగా అయితే దేశాన్ని రెండుసార్లు ఓడించిన పరాయి కోచ్ మీద అభిమానులకు కోపం రావాలి. కంఠీరవ స్టేడియంలో నా చుట్టూ కూర్చునే వాళ్లెవరిలోనూ నాకు ఆ కోపం కనిపించలేదు. బాధపడ్డారు, భారత జట్టును తిట్టుకున్నారు. వెస్ట్‌వుడ్ పేరు వచ్చేసరికి మాత్రం అందరి గొంతూ మెత్తబడింది. మన దగ్గర పని చేసినప్పుడు ఈ మనిషి ఏం చేశాడో అక్కడా అదే చేశాడు, అందుకే గెలిచాడు అన్నదే అందరి మాట. 2016లోనే ఊరు వదిలిన కోచ్‌ను ఇంత ఇదిగా ఎందుకు తలుచుకుంటారు? దానికి నాకు తెలిసిన జవాబు ఈ పూట మీ ముందు పెడతాను.

2013 జూలైలో జేఎస్‌డబ్ల్యూ సంస్థ బెంగళూరులో కొత్త క్లబ్బు పెట్టింది. ఛెత్రిని తెచ్చింది. కోచ్‌గా ముప్ఫై ఆరేళ్ల వెస్ట్‌వుడ్‌ను తెచ్చింది. మాంచెస్టర్ యునైటెడ్ కుర్రకారు జట్టులో ఆట నేర్చుకుని, ఆ తరవాత క్రూ, బ్రాడ్‌ఫర్డ్, షెఫీల్డ్ వెన్స్‌డే లాంటి ఇంగ్లండ్ క్లబ్బుల్లో డిఫెండర్‌గా ఆడిన మనిషి. పెద్ద తార కాదు. హెడ్ కోచ్‌గా అనుభవం దాదాపు లేదు. ఇక్కడికి వచ్చేటప్పటికి మన దేశంలో ఆయన పేరు విన్నవాళ్లు బహుశా చాలా తక్కువ.

క్లబ్బు కొత్తదే గాని ఊరికి ఫుట్‌బాల్ కొత్త కాదు. రోవర్స్ కప్పును 1937లోనూ 1938లోనూ గెలిచిన బెంగళూరు ముస్లిమ్స్ జట్టు ఈ ఊరిదే. ఈస్ట్ బెంగాల్ అభిమానులు పంచపాండవులని పిలుచుకున్న ఐదుగురు ఫార్వర్డులలో అహ్మద్ ఖాన్ బెంగళూరు మనిషి. అదే ఐదుగురిలో మన తెలుగువాడు అప్పారావు కూడా ఉన్నాడు. ఆస్టిన్ టౌన్, మర్ఫీ టౌన్, గౌతమపుర వీధుల్లో బంతి తన్నని ఇల్లు లేని రోజులుండేవి. అయితే చివరికొచ్చేసరికి ఊరి ఆట అంతా ఉద్యోగాల చుట్టూ తిరిగింది. హెచ్‌ఏఎల్, ఐటీఐ లాంటి సంస్థల జట్లలో ఆడితే ప్రభుత్వ రంగంలో కొలువు దొరికేది. ఆటగాడి మొదటి చింత ఆ కొలువు గురించే. పొద్దున కాసేపు ఆడి, సాయంత్రం ఇంకాసేపు ఆడి, మిగతా పొద్దంతా ఎవరి దారి వారిది. హెచ్‌ఏఎల్ జట్టు అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ దాకా వెళ్లి, నిలబడలేక కిందికి జారింది. కోల్‌కతాలో తాత మోహన్ బగాన్ అంటే మనవడూ మోహన్ బగాన్. బెంగళూరులో 2013 నాటికి అలా వారసత్వంగా అందుకునే జట్టు ఏదీ మిగల్లేదు.

అలాంటి ఊళ్లో వెస్ట్‌వుడ్ చేసిన మొదటి పని ఆటగాడి రోజు మొత్తాన్ని తన చేతిలోకి తీసుకోవడం. పొద్దున్నే అందరూ మైదానానికి రావాలి. కలిసి అల్పాహారం, కలిసి మధ్యాహ్న భోజనం. పళ్లెంలో ఏముండాలో క్లబ్బే చెబుతుంది. నూనె, తీపి బంద్. బరువు చూస్తారు, ఒంట్లో కొవ్వు ఎంతుందో కొలుస్తారు. ఛాతీకి పట్టీ కట్టి పరుగులో గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో లెక్క తీస్తారు. ఆడిన మ్యాచ్‌ను వీడియోలో వేసి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, నిలబడాల్సింది ఎక్కడో ఆపి ఆపి చూపిస్తారు. ఈ రోజు ఐఎస్‌ఎల్ జట్లన్నింటిలో ఇది మామూలే. 2013లో ఐ-లీగ్‌లో ఇది మామూలు కాదు. భారత ఆటగాడికి చేవ లేదు, ఒడ్డూ పొడుగూ లేదు, అందుకే వెనకబడ్డాం అన్న మాట అంతకు ముందు చాలామంది విదేశీ కోచ్‌లు అని వెళ్లిపోయారు. వెస్ట్‌వుడ్ ఆ మాట పట్టుకుని కూర్చోలేదు. ఉన్నవాళ్ల చేత సరిగ్గా పని చేయించారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండిన ఛెత్రి, ఆట ముగిసే వైపు నడవాల్సిన వయసులో, ఆ కట్టుబాట్లను పట్టుకుని నలభై దాటాక కూడా ఆడాడు. ఘనత ఎక్కువగా ఛెత్రిదే. దానికి అనువైన ఇల్లు కట్టిపెట్టింది మాత్రం ఆ మొదటి మూడేళ్లు.

క్లబ్బు మొదట ఆడింది అశోక్ నగర్‌లోని బెంగళూరు ఫుట్‌బాల్ స్టేడియంలో. గరుడ మాల్‌కు దగ్గరలో ఉంటుంది, చాలామంది శ్రోతలు దాని పక్కనుంచి వెళ్తూ కూడా గమనించి ఉండరు. సహజమైన గడ్డి కాదు, ప్లాస్టిక్ పరక. మధ్యాహ్నం ఎండకు ఆ పరక పైనుంచి ఆవిరి లేస్తుంది, పడితే మోకాళ్లు గీసుకుపోతాయి. గ్యాలరీలో కుర్చీలు లేవు, సిమెంటు మెట్లే. కింది మెట్టు మీద కూర్చుంటే కోచ్ కేకలు మన చెవిన పడతాయి. ఆ పడమటి వైపు మెట్ల మీద కొందరు కుర్రాళ్లు నీలం చొక్కాలు వేసుకుని, డప్పులు పట్టుకుని, తొంభై నిమిషాలూ నిలబడే పాడటం మొదలుపెట్టారు. వాళ్లే వెస్ట్ బ్లాక్ బ్లూస్. కన్నడ, తెలుగు, తమిళ, మలయాళ, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఉద్యోగాల కోసం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు. ఏ ఇద్దరి సొంత ఊరూ ఒకటి కాదు. వాళ్లందరికీ కలిపి బెంగళూరులో ఇది మాది అని చెప్పుకోవడానికి అంతకు ముందు పెద్దగా ఏమీ లేదు.

2013 సెప్టెంబర్ 22న మోహన్ బగాన్ మీద మొదటి మ్యాచ్. షాన్ రూనీ కొట్టిన గోలు క్లబ్బు చరిత్రలో మొదటి గోలు. మ్యాచ్ ఒకటి-ఒకటితో ముగిసింది. ఏడు నెలలు తిరగకుండానే, 2014 ఏప్రిల్ 21న, గోవా ఫతోర్దా మైదానంలో డెంపో జట్టును నాలుగు-రెండుతో ఓడించి పుట్టిన ఏడాదే లీగ్ గెలిచింది. 24 మ్యాచ్‌ల్లో 47 పాయింట్లు. ఛెత్రి 14 గోల్స్. మరుసటి సీజన్‌లో, 2015 జనవరిలో, ఫెడరేషన్ కప్ కూడా గెలిచింది. ఫైనల్ మళ్లీ ఫతోర్దాలోనే, ప్రత్యర్థి మళ్లీ డెంపోనే.

అయితే అభిమానులు ఎక్కువగా మాట్లాడుకునేది గెలిచిన మ్యాచ్‌ల గురించి కాదు. 2015 మే 31. అప్పటికి క్లబ్బు కంఠీరవకు మారింది. లీగ్‌లో చివరి మ్యాచ్, ఎదుట మోహన్ బగాన్. వాళ్లు మనకంటే రెండు పాయింట్లు ముందున్నారు. మనం గెలిస్తే కప్పు మనది, డ్రా అయితే వాళ్లది. వాన పడుతోంది. బంతి నీళ్లలో ఆగిపోతోంది. తొలి సగం ముగియడానికి కాస్త ముందు డిఫెండర్ జాన్ జాన్సన్ గోలు కొట్టాడు. అక్కడినుంచి గడియారం వంక చూడటమే పని. ఎనభై నిమిషాలు, ఎనభై ఐదు. ఎనభై ఏడో నిమిషంలో సోనీ నోర్డే కార్నర్ కొట్టాడు, బెల్లో రజాక్ తలతో బంతిని లోపలికి పంపాడు. ఒకటి-ఒకటి. పదమూడేళ్ల తరవాత మోహన్ బగాన్ జాతీయ విజేత అయింది, మన కళ్ల ముందే, మన మైదానంలోనే.

తడిసిన చొక్కాలతో నిలబడి, కప్పు అందుకోలేకపోయిన జట్టుకు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కప్పు పోయిందన్న ఏడుపు ఉంది, నిజమే. కానీ క్లబ్బుకు ఒక గతం ఏర్పడింది ఆ సాయంత్రమే అని నేను నమ్ముతాను. గెలుపు ఎవరికైనా రుచిస్తుంది, దానికోసం ఎవరైనా వస్తారు. చేతిదాకా వచ్చిన కప్పు మూడు నిమిషాలు ఉందనగా జారిపోయాక కూడా మళ్లీ సీజన్‌కు టికెట్ కొనుక్కున్నవాళ్లే అభిమానులు. వెస్ట్‌వుడ్ ఆ జట్టును మళ్లీ కూడగట్టుకున్నారు. 2016 ఏప్రిల్ 17న అదే కంఠీరవలో సాల్గావ్‌కర్‌ను ఓడించి లీగ్ తిరిగి తెచ్చారు. పదకొండు నెలలైనా కాలేదు. ఆ సీజన్ ముగిశాక ఊరు వదిలి వెళ్లారు.

ఆ తరవాత ఆయన ప్రయాణం అంతా పూలబాట కాదు. కోల్‌కతాలో ఏటీకే జట్టును 2018లో సీజన్ మధ్యలో తీసుకుని నిలదొక్కుకోలేకపోయారు. పంజాబ్ జట్టుతో ఒక సీజన్ పనిచేశారు, కప్పు రాలేదు. ఆయన పద్ధతికి కాలం కావాలి, కుదురుగా ఉండే క్లబ్బు కావాలి. అవి రెండూ దొరికిన చోటు బెంగళూరు.

వెళ్లేటప్పుడు ఆయన వదిలిపెట్టింది ఖాళీ గది కాదు. తరవాత వచ్చిన ఆల్బర్ట్ రోకా, బార్సిలోనాలో కోచ్ రైకార్డ్‌కు సహాయకుడిగా పనిచేసిన మనిషి, అదే జట్టును కొద్ది నెలల్లోనే ఏఎఫ్‌సీ కప్ ఫైనల్‌కు తీసుకువెళ్లారు. 2016 అక్టోబర్ 19న కంఠీరవలో మలేసియా జట్టు జొహోర్ మీద మూడు-ఒకటి. ముందు గోలు వాళ్లదే, తరవాత ఛెత్రి రెండు, హువాన్ ఆంటోనియో ఒకటి. ఆ రాత్రి స్టేడియంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ మాట ఎత్తకుండా ఉండలేరు. నవంబర్ 5న దోహాలో ఫైనల్లో ఇరాక్ వైమానికదళ క్లబ్బు చేతిలో ఒకే ఒక గోలుతో ఓడినా, ఆ పోటీలో ఫైనల్ ఆడిన మొదటి భారత క్లబ్బు మనదే. రోకా వెళ్లాక ఆయన సహాయకుడు కార్లెస్ క్వాద్రాత్ 2019లో ఐఎస్‌ఎల్ గెలిపించారు. ఒక కోచ్ వేసిన బాట మీద ఇంకో కోచ్ నడిచాడంటే బాట గట్టిదని అర్థం. అందుకే రోకాను, క్వాద్రాత్‌ను ఎంత మెచ్చుకున్నా, వెస్ట్ బ్లాక్ పాతకాపులు మూలపురుషుడి స్థానం వెస్ట్‌వుడ్‌కే ఇస్తారు.

ఇక్కడ నన్ను మన హైదరాబాద్ వైపు తిరగనివ్వండి. బెంగళూరులో ఉండే తెలుగువాడిగా ఇది చెప్పకుండా ఊరుకోలేను.

ఇదే పని, అంటే ఆటగాడి చేత సరిగ్గా పని చేయించడం, మన ఊళ్లో డెబ్బై ఐదేళ్ల కిందటే చేసిన మనిషి ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆటగాళ్లు కానిస్టేబుళ్లు, చేతిలో డబ్బు లేదు, యంత్రాలు లేవు. ఆయన దగ్గర ఉన్నది ఆలోచన. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టించారు, బంతి వచ్చీ రాగానే పక్కవాడికి అందించాల్సిందే. అలవాటు లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. కుడికాలి వాడు ఎడమకాలితో గోలు కొట్టడానికి అవస్థపడుతుంటే జనం నవ్వుకుని ఉంటారు. ఆ అవస్థ ఫలితం 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్పులు. మొదటి ఏడాది ఫైనల్లో ఆ జట్టు చేతిలో ఓడింది మన బెంగళూరు ఆర్యన్ జింఖానా. అదే ఏడాది డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్ మీద గెలుపు.

భారత జట్టు కోచ్‌గా రహీం సాబ్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చారు. మెల్బోర్న్ జట్టులో బెంగళూరు మనిషి కెంపయ్య ఉన్నారు. 1962 జకార్తా ఆసియా క్రీడల సమయానికి రహీం సాబ్ ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. డిఫెండర్ జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డుగా ఆడించారు రహీం సాబ్. స్టేడియం నిండా భారత్‌కు వ్యతిరేకంగా అరిచే జనం. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద రెండు-ఒకటి. ఒక గోలు పీకే బెనర్జీది, రెండోది ఆ కట్టు తలతోనే ఆడిన జర్నయిల్‌ది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. అరవై ఏళ్లు దాటాయి, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు.

ఇంతటి మనిషిని మనం ఎంతగా తలుచుకుంటున్నాం? 2024లో అజయ్ దేవ్‌గణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చినప్పుడు, ఇలాంటి ఒకాయన మన హైదరాబాద్‌లో ఉండేవారా అని నన్ను అడిగిన తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల తప్పు ఏమీ లేదు. జ్ఞాపకం నిలవడానికి ఒక చోటు కావాలి. వారం వారం వెళ్లి కూర్చునే గ్యాలరీ ఉంటే, పక్కన పెద్దాయన ఒకరు పాత మ్యాచ్ గురించి చెబుతారు, కుర్రవాడు వింటాడు. సిటీ పోలీస్ జట్టు వెలుగు తగ్గిపోయాక హైదరాబాద్‌లో ఆ గ్యాలరీ లేకుండా పోయింది.

మనోలో మార్కెజ్ దానికి మళ్లీ ప్రాణం పోస్తారనిపించింది. ఆయన రాక కథలోనూ బెంగళూరు ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ముందు ఒప్పందం చేసుకున్నది మన ఆల్బర్ట్ రోకాతోనే. 2020లో రోకా బార్సిలోనాకు వెళ్లిపోవడంతో ఆ కుర్చీలోకి మనోలో వచ్చారు. అట్టడుగున ముగిసిన జట్టును తీసుకుని, ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రవాళ్లను నమ్మి ఆడించారు. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్‌ఎల్ కప్పు అందుకున్నారు. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. గచ్చిబౌలిలో డప్పులు కొట్టాల్సిన అభిమాన బృందం డెక్కన్ లీజియన్ పిల్లలకు తమ జట్టు ఆటను సొంత ఊళ్లో చూసే భాగ్యం ఆ ఏడాది దక్కలేదు. ఆ తరవాత క్లబ్బుకు డబ్బు కష్టాలు వచ్చాయి, ఆటగాళ్లు చెదిరిపోయారు, యాజమాన్యం మారింది. 2025 అక్టోబర్‌లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. గెలిపించిన కోచ్ పేరు ఉంది, ఆ పేరును పాడే గ్యాలరీ లేదు.

బెంగళూరు పరిస్థితి కూడా భద్రంగా ఉందని చెప్పను. లీగ్ భవిష్యత్తు తేలని 2025 ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ కూడా మొదటి జట్టు జీతాలు ఆపుతున్నట్టు ప్రకటించింది. వెస్ట్ బ్లాక్ కుర్రాళ్లు అప్పుడు పడ్డ ఆందోళన నేను చూశాను. కప్పు పోతే వచ్చే ఏడాది తెచ్చుకోవచ్చు, క్లబ్బే పోతే వెస్ట్‌వుడ్‌ను కూడా పోగొట్టుకుంటామని వాళ్లకు తెలుసు.

కాబట్టి వింటున్నవారికి నాది ఒక మనవి. బెంగళూరులో ఉంటే, కంఠీరవలో మ్యాచ్ ఉన్న రోజు పిల్లల్ని తీసుకుని ఒక్కసారి పడమటి గ్యాలరీకి రండి. హైదరాబాద్‌తో సంబంధం ఉంటే ఇంకో పని. ఫతే మైదాన్‌లో సిటీ పోలీస్ ఆట చూసినవాళ్లు, రహీం సాబ్ దగ్గర ఆడినవాళ్ల పిల్లలు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైలు దాటి ఉంటారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటివారు ఉంటే ఈ ఆదివారమే వెళ్లి కూర్చోండి. ఆయన ఎలా నిలబడేవారు, ఏమని కోప్పడేవారు, ఎవర్ని మెచ్చుకునేవారు, అన్నీ అడగండి. ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. మీ దగ్గర అలాంటి రికార్డు ఉంటే ఆకాశవాణికి రాయండి.